బూడిదపట్నం

మధ్యాహ్నం గంట కొట్టగానే అందరికంటే ముందు చేతులు కడుక్కుని బల్ల దగ్గర చేరేది ఇస్త్రీ పిన్ని. ఆవిడకి ఆకలి ఎక్కువై కాదు. మిషన్లు ఆగిన ఆ అరగంటలోనే కథలక్క కథ చెప్పాలి, మళ్ళీ మిషన్లు మొదలైతే పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు.

ఆసుపత్రిలో బట్టలు ఉతికే విభాగం నేలకి దిగువన ఉంది. కిటికీ లేదు. పొద్దున ఏడింటికి మెట్లు దిగితే మూడింటికి మెట్లెక్కేదాకా బయట ఎండో వానో తెలియదు. పక్కపక్కనే రెండు గదులు. పై అంతస్తుల నుంచి ఇనుప గొట్టంలోంచి మూటలు ధబ్బుధబ్బున వచ్చి పడేది మురికి గది. ఉతికి ఆరిన దుప్పట్లని ఇస్త్రీ చేసి మడతపెట్టేది మడత గది. మడత గదిలో ఎనిమిదిమంది ఆడవాళ్ళు. ఫోన్లు పైన లాకర్లో పెట్టి రావాలి, తెచ్చుకున్నా ఆ లోతులో సిగ్నలు రాదు. అందుకే కథ నోటితో చెప్పాల్సి వచ్చింది.

కథ కథలక్క సొంతం కాదు. పదహారేళ్ళ కూతురు ఫోనులో చూసే జపాను యానిమే, అంటే బొమ్మల సీరియలు, మాటలు మన భాషలోకి మార్చినది. మొదట్లో ఆ పిల్ల అన్నం ముందు కూర్చుని కూడా ఫోను వదలకపోతే, ఏముందే అందులో అని తిడదామని తొంగిచూసింది కథలక్క. తిట్టడం మర్చిపోయింది. వాన బదులు బూడిద రాలే పట్నం, ఆ బూడిదలోంచి లేచే జీవాలు, వాటిమీదికి కత్తులు దూసే ఆడపిల్లలు. అవి ఎవరిని కరిస్తే వాళ్ళు వేళ్ళ చివరలనుంచి మొదలై నెమ్మదిగా బూడిదైపోతారు. మర్నాడు ఇదంతా బల్ల దగ్గర చెబితే ఎనిమిది డబ్బాల్లో చల్లారిపోయింది కూడు. అప్పటినుంచి ఆమెని అసలు పేరుతో పిలిచే మనిషే లేకపోయింది.

ఆ సిరీసులో పేర్లు నోరు తిరగవు కనక కథలక్క అన్నీ మార్చేసింది. నాయిక ఎర్రజడ. ఎర్రజడ వెంట ఎప్పుడూ ఉండే స్నేహితురాలు ఒంటిచెవి. పళ్ళే తప్ప మొహం లేని జీవాలు బూడిదగాళ్ళు. ప్రతి ఎపిసోడ్ చివరా పిలవకుండా దిగబడే పెద్ద రాక్షసుడికి ఇస్త్రీ పిన్ని 'అల్లుడుగారు' అని పేరు పెట్టింది. అల్లుడుగారు వచ్చాడంటే ఆ పూటకి కథ అయిపోయినట్టే.

ఒకసారి విభాగం ఇన్‌చార్జి అటుగా వెళ్తూ విని, పిల్లల బొమ్మల కథకి ఇంత పెద్దాళ్ళు నోళ్ళు తెరుచుకుని కూర్చోవడమేంటని నవ్వాడు. ఆయన వెళ్ళాక ఇస్త్రీ పిన్ని అంది: "టీవీ సీరియల్లో కోడలు ఏడుస్తుంది, ఏడ్చి ఊరుకుంటుంది. ఎర్రజడ ఏడుస్తూనే కత్తి దూస్తుంది. ఏడ్చినా పని ఆపదు, మనలాగ. అది ఆయనకేం తెలుస్తుంది."

కథ వినేవాళ్ళలో అందరికంటే తక్కువ మాట్లాడేది బక్కమ్మ. సన్నగా, గాలొస్తే పోయేలా ఉంటుంది కనక ఆ పేరు. ఆరేళ్ళుగా దుప్పటి మడతలో కథలక్కకి జంట ఆమే. ఇద్దరూ చెరో వైపు రెండేసి కొసలు పట్టుకుని, దులిపినట్టు ఒక్క విదుపు విదిపి, ఎదురెదురుగా నడిచొస్తారు. కథలక్క కొసలు బక్కమ్మ వేళ్ళలోకి వెళ్తాయి, కింద వేలాడే మడతని కథలక్క వంగి అందుకుంటుంది. మళ్ళీ వెనక్కి, మళ్ళీ ముందుకి. రోజుకి నాలుగైదు వందలసార్లు. ఇద్దరి మధ్యా మాట అవసరం లేదు. ఎవరికి నడుం నొప్పిగా ఉందో ఎవరు ఇంట్లో గొడవపడి వచ్చారో ఆ విదుపులోనే తెలిసిపోతుంది.

శుక్రవారం చెప్పిన కథలో ఎర్రజడని బూడిదగాడొకడు మణికట్టు మీద కరిచాడు. చూసింది ఒంటిచెవి ఒక్కతే. కరవబడినవాళ్ళని పెద్దలకి అప్పగించాలన్నది ఆ పట్నం చట్టం. సోమవారం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసిన సెలవు అదొక్కటేనని ఇస్త్రీ పిన్ని అంది.

ఆ సోమవారం మురికి గదిలో ఇద్దరు రాలేదు. మూటలు గొట్టం నోటిదాకా పేరుకుపోయాయి. ఇన్‌చార్జి వచ్చి, కథలక్కనీ బక్కమ్మనీ ఒక గంట అక్కడ చెయ్యమన్నాడు. గ్లౌజులు ఇప్పించమని కథలక్క అడిగింది. స్టోరు తాళాలతను ఇంకా రాలేదనీ, గంట పనే కదా, చూసుకుని చెయ్యమనీ అన్నాడు.

మురికి గదిలో మూట విప్పడమంటే ముందు వాసనని విప్పడం. తెల్లవి ఒక బండిలోకి, ఆపరేషన్ గది పచ్చవి ఒక బండిలోకి, మరీ పాడైనవి ఎర్ర సంచిలోకి. ఇద్దరూ వేలి కొసలతో పట్టుకుని, మొహాలు పక్కకి తిప్పుకుని పని చేస్తున్నారు. ఒక పచ్చగుడ్డ మడత విప్పబోతూ బక్కమ్మ "అబ్బ" అంది. పెద్దగా అనలేదు. చీమ కుట్టినట్టు అంది. చెయ్యి పైకెత్తి చూస్తే బొటనవేలి కండలో సూది వేలాడుతోంది.

కథలక్క సూది లాగేసి, ఆమెని కుళాయి కిందికి లాక్కెళ్ళింది. నీళ్ళు పారుతున్నంతసేపూ బక్కమ్మ ఆ వేలి వంక కాకుండా కథలక్క మొహం వంకే చూసింది.

పైన అత్యవసర విభాగంలో కుర్ర డాక్టరు గాయం మళ్ళీ కడిగి, రక్తం తీసుకుని, మూడు రోజులకి మాత్రలిచ్చాడు. ఆ మూటలో రక్తం ఎవరిదో, వాళ్ళకి ఏ రోగముందో తెలియదు కాబట్టి ఇరవై ఎనిమిది రోజులూ మాత్రలు తప్పకుండా మింగాలన్నాడు. కొన్ని వారాలకి ఒకసారి, నెలలకి ఇంకోసారి పరీక్ష చేస్తేగాని ఏ మాటా చెప్పలేమన్నాడు. మిగతా మాత్రలు ఆసుపత్రే ఇస్తుంది. కాకపోతే ఇది పనిలో జరిగిన ప్రమాదమేనని, ఆమె తప్పు లేదని విభాగం నుంచి ఉత్తరం రావాలి.

"ఉత్తరమే కదా, వస్తుందిలే," అంది కథలక్క మెట్లు దిగుతూ.

రెండున్నరకి ఇన్‌చార్జి కథలక్కని తన గదికి పిలిపించాడు. గది అంటే అద్దం అడ్డుపెట్టిన మూల. ఆయన కేకలు వెయ్యలేదు. కుర్చీ వేసి కూర్చోబెట్టి, మంచినీళ్ళు ఇచ్చి, టైపు కొట్టిన కాగితం ముందు పెట్టాడు. పనివారికి గ్లౌజులు ఇవ్వబడినవి, సూది గుచ్చుకొనిన ఆమె వాటిని తొలగించి పనిచేయుచుండగా నేను చూసితిని అని ఉంది అందులో. కింద ఖాళీ గీత.

"దీనివల్ల ఎవరికీ ఏం కాదమ్మా. పైవాళ్ళు అడిగితే చూపించడానికి. ఇది లేకపోతే మనందర్నీ లైన్లో నిలబెట్టి అడుగుతారు. మురికి గదికి ఎలాగూ మనుషుల్ని వెయ్యమంటున్నారు, సీనియర్లనే పంపమంటున్నారు. నేనే ఆపుతున్నా." ఆయన చెయ్యి కాగితం అంచుని సర్దుతూనే ఉంది. స్టోరు జవాబుదారీ ఆయనదే మరి.

కథలక్క సంతకం పెట్టింది. చదవకుండా పెట్టానని మెట్లెక్కుతూ తనకి తాను చెప్పుకుంది. కానీ చదివింది. రెండుసార్లు చదివింది.

ఆ సాయంత్రం వంటింట్లో కూరగాయలు తరుగుతుంటే కూతురు ఫోను పప్పుడబ్బాకి ఆనించి కొత్త ఎపిసోడ్ పెట్టింది. పెద్దలు గుండ్రంగా కూర్చుని ఒంటిచెవిని మధ్యలో నిలబెట్టారు. కరవడం చూశావా అని అడిగారు. ఎవరూ కొట్టలేదు, బెదిరించలేదు. ఒంటిచెవి ఒకసారి తలుపు వైపు చూసి, చూశానంది. ఎర్రజడని ఇనుప తలుపున్న గదిలోకి తోసి గొళ్ళెం వేశారు. పైన బూడిద రాలుతూనే ఉంది.

"నీచురాలు," అంది కథలక్క. కత్తిపీట మీద చెయ్యి ఆగిపోయింది.

"భయపడిందమ్మా, పాపం," అంది కూతురు. "అందుకే కదా ఇది బాగుండేది. మిగతావాటిలోలాగ మంచోళ్ళు ఒకవైపు, చెడ్డోళ్ళు ఒకవైపు ఉండరు. ఇంకోటి పెట్టనా?"

వద్దంది కథలక్క. తలనొప్పిగా ఉందంది. మిగిలిన కాయల్ని చక్రాలుగా తరగాల్సింది ముక్కలుగా నరికేసింది.

మంగళవారం బక్కమ్మ వేలికి కట్టుతో పనిలోకి వచ్చింది. ఉత్తరం లేకపోతే సెలవు కూడా లేదు. బొటనవేలు వంగదు కనక కొస నిలవడం లేదు. విదిపినప్పుడల్లా దుప్పటి ఆమె చేతిలోంచి జారి నేలని తాకేది. తాకినదాన్ని మళ్ళీ ఉతుకుడుకి వెయ్యాలి. నాలుగోసారి జారాక కథలక్క తన వైపు రెండు కొసలూ ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో బక్కమ్మ కొసని కూడా అందుకోవాలని చూసింది. బక్కమ్మ ఇవ్వలేదు. చూపుడువేలికీ నడిమివేలికీ మధ్య కొసని ఇరికించుకుని పట్టుకుంది.

భోజనం దగ్గర అందరూ కథ కోసం కూర్చున్నారు. ఒంటిచెవి చెప్పిందా, చెప్పలేదా అని ఇస్త్రీ పిన్ని ముద్ద చేతిలోనే పట్టుకుని అడిగింది. కథలక్క గొంతు సవరించుకుంది. బల్ల చివర బక్కమ్మ తల వంచుకుని, మాత్ర మింగడానికి సీసా మూత ఎడమచేత్తో తిప్పుకుంటోంది.

"చెప్పలేదు," అంది కథలక్క. "ఏం చూడలేదని పెద్దల మొహం మీదే చెప్పేసింది."

బల్ల చుట్టూ ఊపిర్లు వదిలారు. ఒకావిడ చప్పట్లు కొట్టినంత పని చేసింది. కథలక్కకి నోరు వచ్చేసింది. ఒంటిచెవి ఎర్రజడని భుజాన వేసుకుని పెద్దల కొలువు దాటించిందంది. కాపలావాళ్ళు అడ్డొస్తే ఇద్దరూ ఒకే కత్తి పట్టుకుని పోరాడారంది. ఎక్కడా లేని సొరంగాలు తవ్వింది, ఎవరూ చూడని నది ఒకటి పారించింది. అరగంట చాలలేదు.

బుధవారం కూడా అదే నడిపింది. ఆ పొద్దున బక్కమ్మ ఉత్తరం కోసం ఇన్‌చార్జి గదికి రెండుసార్లు వెళ్ళి వచ్చింది. విచారణ జరుగుతోంది, ఆగమన్నారట. మాత్రలు పడక పదకొండింటికి మూల తొట్టి దగ్గరికి పరిగెత్తి వాంతి చేసుకుంది. నోరు కడుక్కుని వచ్చి మళ్ళీ కొసలు పట్టుకుంది. భోజనం దగ్గర కథలక్క ఒంటిచెవి చేత అల్లుడుగారినే పొడిపించబోతుంటే ఇస్త్రీ పిన్ని ఆపింది.

"ఆగాగు. పోయిన వారం దీపం ఆరితే ఏడ్చిన పిల్లకి ఇంత ధైర్యం ఎక్కడిదే?"

స్నేహం మీద ప్రేమతో వచ్చిందని చెప్పింది కథలక్క. పిన్ని ఊఁ అంది గాని, ఆ ఊఁ నమ్మినవాళ్ళది కాదు.

భోజనాల తర్వాత మొదటి దుప్పటికి ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. విదిపారు. నడిచొచ్చారు. వేళ్ళు తగిలేంత దగ్గరికి వచ్చాక బక్కమ్మ అంది, మిషను మోతలో ఇంకెవరికీ వినపడనంత నెమ్మదిగా:

"ఒంటిచెవి చెప్పేసింది కదా."

కథలక్క వంగి మడత అందుకోవాల్సింది. వంగలేదు.

"మా ఆయన ఫోన్లో చూశా. కడుపులో తిప్పేసి పడుకోలేక, సోమవారం సాయంత్రం కూర్చుని చూశా. అడగ్గానే చెప్పేసింది. నువ్వు చెప్పే సొరంగం లేదు, నదీ లేదు."

"నీకు బాధగా ఉంటుందని..."

"నీ సంతకం కూడా చూశానక్కా. నిన్న పొద్దున ఇన్‌చార్జి చూపించాడు, నీ జంటే ఇలా రాసిచ్చింది, నన్నేం చెయ్యమంటావ్ అని. అబద్ధమేమో అనుకుందామంటే, రోజూ రిజిస్టర్లో నా పేరుకి పైన ఉండే సంతకమే అది."

కథలక్క లెక్క వేసుకుంది. నిన్నటినుంచి ఇవాళ్టిదాకా ఆరేడు వందలసార్లు ఈ మనిషి తనకి ఎదురు నడిచి వచ్చింది. అన్నిసార్లూ అన్నీ తెలిసే వచ్చింది. తను బల్ల దగ్గర కూర్చుని ఒంటిచెవి ధైర్యాన్ని ఒలకబోస్తుంటే అన్నీ తెలిసే విన్నది.

"ఆ తర్వాతవి నువ్వు చూడలేదు కదా?" అంది బక్కమ్మ.

లేదన్నట్టు తల ఊపింది కథలక్క.

"నేను మూడు చూశా. ఒంటిచెవి రోజూ ఆ ఇనుప తలుపు దగ్గరికొచ్చి కూర్చుని ఏడుస్తుంది. క్షమించమంటుంది. ఎర్రజడ క్షమించలేదు. ఎక్కడైనా క్షమిస్తుందేమో అని మూడూ చివరిదాకా చూశా. లేదు. మంచం మీద కూర్చుని వేళ్ళు ఎంతదాకా బూడిదయ్యాయో చూసుకుంటుంది, అంతే. నాకది బాగా నచ్చింది. మనకైతే ఎవరో ఒకరు వస్తారు కదా, పోనీలే, మనమనిషే కదా, మనసులో పెట్టుకోకు అని చెప్పడానికి. అందులో ఎవరూ చెప్పలేదు. దాన్నలా వదిలేశారు, కోపంగా."

మళ్ళీ అంది: "మాత్రలు ఇవాళ్టితో అయిపోయాయి. కొస పట్టుకో అక్కా, కింద తగులుతోంది."

కథలక్క కొస పట్టుకుంది. ఆ దుప్పటి మడిచారు. ఇంకోటి మడిచారు. మూడోది విదిపాక కథలక్క దాన్ని బల్లమీద పెట్టేసి, పక్క బల్ల ఆమెని తన చోట నిలబడమని, ఇన్‌చార్జి గదిలోకి వెళ్ళింది. తెల్లకాగితం అడిగి తీసుకుని, నిలబడే రాసింది. సోమవారం మాకు గ్లౌజులు ఇవ్వలేదు. అడిగితే లేవన్నారు. మొదటి కాగితంలో నేను రాసింది నిజం కాదు.

ఇన్‌చార్జి చదివి, మడిచి, తిరిగి ఆమె చేతిలోనే పెట్టాడు. మొదటిది పైకి వెళ్ళిపోయిందని, ఇప్పుడిది తీసుకుంటే తన మెడకి చుట్టుకుంటుందని చెప్పాడు. ఇంట్లో తనకీ పిల్లలున్నారన్నాడు. ఆ మాట అబద్ధం కాదు. ఆమెకి ఆయన మీద కోపం కూడా సరిగ్గా రాలేదు.

"అయితే నేనే ఇచ్చుకుంటాను," అంది.

ఉతికేవాళ్ళు రోగుల లిఫ్టు ఎక్కకూడదు. నాలుగు అంతస్తులూ మెట్లెక్కింది. చెమటకి కాగితం తడుస్తుందేమోనని చేతులు మార్చుకుంటూ వెళ్ళింది. నర్సులందరికీ పైన ఉండే పెద్ద సిస్టరు బల్లమీద మొదటి కాగితం కూడా ఉంది. ఆవిడ రెండూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది.

"రెండిటి మీదా మీ సంతకమే ఉంది. ఏది అబద్ధం?"

"మొదటిదండి."

"అబద్ధం రాసిచ్చినందుకు మీ మీద చర్య తీసుకుంటారు. తెలుసా?"

తెలుసంది కథలక్క. ఏం చర్యో నిజానికి ఆమెకి తెలియదు. ఉద్యోగం తీసేస్తారేమోనని మెట్లు ఎక్కుతున్నంతసేపూ అనుకుంది. కాళ్ళు వెనక్కి తిప్పమన్నాయి గాని, వెనక్కి తిరిగినా వెళ్ళాల్సింది ఆ దుప్పటి రెండో చివరికే.

పెద్ద సిస్టరు తిట్టలేదు, మెచ్చుకోలేదు. గ్లౌజులు ఎన్నాళ్ళనుంచి లేవని అడిగింది. మడత గదికి ఎప్పుడూ ఇవ్వలేదని చెబితే రాసుకుంది. తర్వాత ఒక చీటీ మీద మాత్రల పేరు, రోజుల సంఖ్య రాసి ముద్ర వేసి, బక్కమ్మని మందుల గదికి పంపమంది.

గురువారం పొద్దున పూట తప్పకుండా బక్కమ్మ మాత్ర మింగింది. చీటీ ఎలా వచ్చిందో ఇస్త్రీ పిన్ని ద్వారా అప్పటికే అందరికీ తెలిసింది. ఆ రోజంతా ఇద్దరూ మామూలుగానే దుప్పట్లు మడిచారు. వేళ్ళు తగిలినప్పుడు బక్కమ్మ వెనక్కి తీసుకోలేదు, ఒక క్షణం ఎక్కువా ఉంచలేదు.

శుక్రవారం కథలక్కకి రెండు కాగితాలు అందాయి. ఒకటి, తప్పుడు వాంగ్మూలం ఇచ్చినందుకు హెచ్చరిక. రెండోది, ఆ రోజునుంచే మురికి గదికి మార్పు. ఇన్‌చార్జికి కూడా ఏదో కాగితం వచ్చిందన్నారు, ఆయన ఎవరికీ చూపించలేదు. మురికి గదికి గ్లౌజుల పెట్టె ఒకటి వచ్చింది. అన్నీ మగవాళ్ళ కొలతవి. కథలక్క వేళ్ళ చివర అంగుళం ఖాళీ వేలాడుతుంది. అవి వేసుకుని గుడ్డ అంచు దొరకబుచ్చుకోవడానికే నాలుగు రోజులు పట్టింది. ప్రతి మడతనీ ముందు పైనుంచి తట్టి, తర్వాత నెమ్మదిగా విప్పుతుంది. పక్కన పనిచేసే ముసలాయనకి చెవుడు. గొట్టంలోంచి మూట పడినప్పుడల్లా నేల అదురుతుంది. ఎనిమిది గంటలపాటు ఆమె నోటినుంచి ఒక్క మాట వచ్చే పని లేదు.

ఇంటి దగ్గర కూతురు రెండుసార్లు పిలిచింది, సీజను అయిపోవస్తోంది రమ్మని. తర్వాత చూస్తానంది.

వారం గడిచాక ఒక మధ్యాహ్నం ఆమె మళ్ళీ మడత గదిలోకి డబ్బా పట్టుకుని వెళ్ళింది. రెండుసార్లు సబ్బుతో రుద్దుకున్నా వాసన పోలేదని తనకే తెలుస్తోంది, అందుకని బల్ల చివర, గోడ వారగా కూర్చుంది. ఎవరూ కదలమనలేదు, దగ్గరికి రమ్మనీ అనలేదు. ఇస్త్రీ పిన్ని నీళ్ళ సీసా ఆమె వైపు జరిపి, వారంనుంచి కథ ఎక్కడ వేసిన గొంగళి అక్కడే పడి ఉందనీ, కాటుపడ్డ ఆ పిల్ల ఏమైందో తెలియక ప్రాణం పోతోందనీ నిష్ఠూరమాడింది.

"నేను చెప్తా," అంది బక్కమ్మ.

అందరూ అటు తిరిగారు. బక్కమ్మకి కథ చెప్పడం రాదు. చివరిది ముందు చెప్పి, కాదు కాదు అని వెనక్కి వెళ్ళింది. కాపలావాడి పేరు మర్చిపోయి, గడ్డంవాడనుకోండి అంది. కత్తి దూసే చోట చెయ్యి ఆడించకుండా, చేతులు ఒళ్ళో పెట్టుకుని, రేషను జాబితా చదివినట్టు చెప్పుకుపోయింది. కథలక్క చెప్పిన నదినీ సొరంగాన్నీ ఒక్క ముక్కలో తీసి పారేసింది. అవి జరగలేదు, అసలు జరిగింది ఇది అంది. ఒంటిచెవి చెప్పేసిందని విన్నప్పుడు బల్ల దగ్గర ఎవరూ కథలక్క వైపు చూడలేదు. చూడకూడదని అందరూ ఒకేసారి అనుకున్నట్టు డబ్బాల్లోకి చూసుకున్నారు.

ఎర్రజడ ఎడమచెయ్యి మోచేతిదాకా బూడిదైన చోటికి కథ వచ్చింది. అక్కడ బక్కమ్మ తడబడలేదు. ఆ చెయ్యి ఎలా ఉందో, వేలు ముట్టుకుంటే ఎలా రాలిందో, రాలినా ఎర్రజడ రెండో చేత్తో గోడ ఎలా గీకుతోందో పూసగుచ్చినట్టు చెప్పింది. ఇస్త్రీ పిన్ని ముద్ద కింద పెట్టేసింది.

అప్పుడే ఎవరో ఆరబెట్టే మిషను ఒకటి ముందుగా వేశారు. గది గుంయిమంది. బల్ల చివరిదాకా మాట అందడం కష్టమే. బక్కమ్మ అటు తిరిగి చూడలేదు. గొంతు మాత్రం పెంచింది. గోడ వారగా కూర్చున్న మనిషికి కూడా వినపడేంతగా పెంచింది. అది తన కోసమో, మిషను మోత కోసమో కథలక్కకి తెలియలేదు. అడగనూ లేదు. ముందుకి వంగి, నమలడం ఆపి, వింటూ కూర్చుంది.